సీలియాక్ ఉన్నవారికి బేకింగ్ పిండి: గింజ నుంచి గిన్నె దాకా ఏం చూడాలి

సీలియాక్ అంటే, గోధుమలోనూ అలాంటి మరికొన్ని ధాన్యాల్లోనూ ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. ఒక గ్రాము గోధుమపిండిలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. ఆ ఒక్క గ్రాము కిలో బియ్యప్పిండిలో పడిందంటే కిలో మొత్తం 80 పీపీఎంకి చేరుతుంది. ‘గ్లూటెన్ రహితం’ అని ముద్రించుకోవడానికి చాలా దేశాలు ఒప్పుకునే హద్దు 20 పీపీఎం, అంటే కిలోకి 20 మిల్లీగ్రాములు. జల్లెడ అంచున పట్టుకుని ఉన్న పిండి, సరిగ్గా కడగని గరిటె, అంతకుముందు గోధుమ ఆడించిన మరలో మిగిలిన పొడి, వీటిలో ఏదైనా ఆ హద్దును నాలుగింతలు దాటించగలదు. అందుకే పిండి కొనేటప్పుడు అది ఏ గింజతో చేశారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ గింజ ఏ దారిలో సంచిలోకి వచ్చిందో కూడా అడగాలి. రొట్టె ఎంత బాగా పొంగుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

20 అన్న అంకె ఊరికే పెట్టలేదు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బు అదుపులో ఉన్న సీలియాక్ రోగులకు మూడు నెలల పాటు రోజూ కొలిచిన మోతాదులో గ్లూటెన్ ఇచ్చి చూశారు. రోజుకు 50 మిల్లీగ్రాములు తీసుకున్నవారి చిన్నపేగు లోపలి పొర దెబ్బతింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి ఇబ్బంది ఉండదన్నది ఇప్పుడు స్థూలంగా అంగీకరించిన లెక్క. 20 పీపీఎం ఉన్న పిండి 100 గ్రాములు తింటే 2 మిల్లీగ్రాముల గ్లూటెన్ లోపలికి వెళ్తుంది, 300 గ్రాములు తింటే 6. రోజంతా తినే మిగతా వాటిలోంచి వచ్చేది కూడా దీనికి కలుస్తుంది కాబట్టి, ఇంట్లో ఎక్కువగా వాడే పిండి విషయంలో 20 కంటే తక్కువ హద్దు పెట్టుకున్నవాళ్లను ఎంచుకోవడం మంచిది.

‘తిని చూశాను, ఏమీ కాలేదు’ అన్నది పరీక్ష కాదు. సీలియాక్‌లో కడుపునొప్పి, విరేచనాలు లేకుండానే పేగు దెబ్బతినవచ్చు. రక్తంలోని యాంటీబాడీలు పెరగడానికీ తగ్గడానికీ వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ఒక సంచి పిండి మంచిదో కాదో రక్తపరీక్ష కూడా తేల్చదు. ఇంకో మాట: జబ్బు ఇంకా నిర్ధారణ కాకపోతే, రక్తపరీక్ష, అవసరమైతే బయాప్సీ పూర్తయ్యేదాకా గ్లూటెన్ మానకండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

పక్కన పెట్టాల్సిన గింజలు

గోధుమ, బార్లీ, రై (గోధుమను పోలిన ధాన్యం), గోధుమ–రై సంకరమైన ట్రిటికేల్. మూల జాబితా ఇంతే. తిప్పలంతా గోధుమ మారుపేర్లతోనే. మైదా, సెమోలినా (బొంబాయి రవ్వ), డ్యూరమ్, స్పెల్ట్, కముట్ లేదా ఖొరాసాన్, ఎమ్మర్, ఐన్‌కార్న్, ఫారో, బుల్గుర్, ఫ్రీకె, గ్రాహమ్ పిండి అన్నీ గోధుమలే. ‘ప్రాచీన ధాన్యం’, ‘తేలిగ్గా అరుగుతుంది’ అన్న మాటలు సీలియాక్ రోగికి ఏ విధంగానూ పనికిరావు. మాల్ట్ అని ఒట్టిగా రాసి ఉంటే అది దాదాపు ఎప్పుడూ బార్లీయే. గోధుమపిండిని రోజుల తరబడి పులియబెట్టి చేసే సవర్‌డోలో గ్లూటెన్ కొంత తగ్గుతుంది కానీ పోదు. ఓవెన్ వేడికి కూడా అది నశించదు.

పేరు చూసి అనవసరంగా భయపడేవీ కొన్ని ఉన్నాయి. బక్‌వీట్‌కు గోధుమతో చుట్టరికం లేదు. గ్లూటినస్ రైస్ అంటే జిగురు బియ్యం, అందులో గ్లూటెన్ ఉండదు. గ్లూకోజ్ పేరుకూ గ్లూటెన్‌కూ సంబంధం లేదు.

మధ్యలో ఒక చిక్కు ముడి ఉంది: ‘గ్లూటెన్ రహిత గోధుమ స్టార్చ్’. కొన్ని పిండి మిశ్రమాల్లో గోధుమ స్టార్చ్‌ను కడిగి కడిగి గ్లూటెన్‌ను 20 పీపీఎం లోపుకు దించి వాడతారు. దాంతో రొట్టె చక్కగా వస్తుంది, హద్దు లోపల ఉంటే సీలియాక్ ఉన్నవాళ్లు వాడవచ్చు. గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముట్టకూడదు. దీనికి తలకిందులైన మాట ‘గోధుమ లేదు’. అలా రాసిన సంచిలో బార్లీ, రై ఉండవచ్చు కాబట్టి సీలియాక్ ఉన్నవాళ్లకు అది భరోసా కాదు.

గోధుమ ఎక్కడ కలుస్తుంది

పొలంలోనే మొదలవుతుంది. నిరుటి పంట గోధుమైతే ఈ ఏటి పంటలో దాని మొక్కలు కొన్ని మొలుస్తాయి. రెండింటినీ ఒకే యంత్రం కోస్తుంది, ఒకే లారీ మోస్తుంది, ఒకే గోదాములో పోస్తారు. తర్వాత మర, ఆ తర్వాత సంచులు నింపే యంత్రం. గోధుమ గింజ సైజులో, బరువులో దగ్గరగా ఉండే గింజల నుంచి దాన్ని వేరు చేయడం కష్టం. ఓట్స్, పప్పుదినుసులు, సోయా, చిరుధాన్యాలు ఎక్కువగా కలుషితం కావడానికి ఈ దారి పొడవునా జరిగే కలగలుపే కారణం.

2010లో అమెరికాలో, సహజంగా గ్లూటెన్ లేని 22 రకాల గింజలు, పిండ్లు తెచ్చి పరీక్షించారు. వాటిలో వేటి మీదా ‘గ్లూటెన్ రహితం’ అన్న ముద్ర లేదు. 7 నమూనాలు 20 పీపీఎం దాటాయి, ఒక సోయా పిండిలో ఏకంగా 2,900 పీపీఎం పైన తేలింది. నమూనాల సంఖ్య చిన్నదే. అయినా నేర్చుకోవాల్సింది అందులో ఉంది: పదార్థాల జాబితాలో ‘సోయా’ అన్న ఒక్క మాటే ఉన్నా ఆ సంచి సురక్షితమని అనుకోలేం.

గింజల లెక్కలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు, అందులో గ్లూటెన్ సుమారు 3 మిల్లీగ్రాములు. కిలో ధాన్యంలో ఆరేడు గోధుమ గింజలు ఉంటే చాలు, ఆ ధాన్యం పిండి 20 పీపీఎం అంచుకు చేరినట్టే.

కర్రపెండలం స్టార్చ్, బంగాళదుంప స్టార్చ్ దుంపల నుంచి వస్తాయి కాబట్టి పొలంలో గోధుమ కలిసే ప్రమాదం వాటికి తక్కువ. అయితే ప్యాకింగ్ దగ్గర వాటికీ మినహాయింపు లేదు.

సంచి మీద ఏం చదవాలి

మొదట ‘గ్లూటెన్ రహితం’ అన్న మాట వెతకండి. అది లేని పిండిని, గింజ ఏదైనా, సీలియాక్ ఉన్నవాళ్ల కోసం కొనవద్దు. ఇక్కడ బేరాలు వద్దు. ఆ మాట ఉంటే దానికి చట్టబద్ధమైన అర్థం ఉంటుంది: అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంహిత అయిన కోడెక్స్, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2013 నాటి నిబంధన, యూరోపియన్ యూనియన్ నిబంధన, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన అన్నీ 20 పీపీఎం దగ్గరే గీత గీశాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇంకా కఠినం. అక్కడ పరీక్షలో గ్లూటెన్ జాడే కనిపించకూడదు. ‘చాలా తక్కువ గ్లూటెన్’, ‘గ్లూటెన్ తగ్గించినది’ లాంటి మాటలు వేరు. కోడెక్స్‌లో 20 నుంచి 100 పీపీఎం దాకా ఉన్నవాటికి విడి తరగతి ఉంది, ఆ తరగతి మీకోసం కాదు.

రెండోది, స్వతంత్ర సంస్థ ధ్రువీకరణ గుర్తు. తయారీదారు తన మాట తానే చెప్పుకోవడానికీ, బయటి సంస్థ వచ్చి మర చూసి, రికార్డులు తిరగేసి, నమూనాలు పరీక్షించడానికీ తేడా ఉంది. గ్లూటెన్ రహిత సరుకులను ధ్రువీకరించే అమెరికా సంస్థ జీఎఫ్‌సీఓ గుర్తు ఉన్నవాటికి హద్దు 10 పీపీఎం. గోధుమ కంకిని అడ్డంగా కొట్టేసినట్టు ఉండే క్రాస్డ్ గ్రెయిన్ గుర్తు హద్దు 20 పీపీఎం. గుర్తుతో పాటు లైసెన్సు నంబరు ఉంటే దాన్ని ఆ సంస్థ జాబితాలో సరిచూసుకోండి. కంకి బొమ్మ ఎవరైనా గీసి అచ్చు వేయించుకోవచ్చు.

మూడోది, అలర్జీ హెచ్చరిక. దీని దగ్గర చాలామంది పొరబడతారు. ‘గోధుమ జాడలు ఉండవచ్చు’ అన్న హెచ్చరిక చాలాచోట్ల ఐచ్ఛికం. అది లేనంత మాత్రాన మరలో గోధుమ ఆడించడం లేదని కాదు, రాయలేదని మాత్రమే. అమెరికా అలర్జీ చట్టం కింద గోధుమ పేరు చెప్పి తీరాలి కానీ బార్లీ, రై ఆ జాబితాలో లేవు. యూరప్‌లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ చెప్పాలి. దిగుమతి సరుకు కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

చివరగా బ్యాచ్ నంబరు, తయారీ తేదీ. ఇవి లేని సంచిని వెనక్కి పెట్టేయండి. విడిగా తూచి అమ్మే పిండి అసలే వద్దు. గోధుమపిండి డబ్బాలో ముంచిన గరిటెనే పక్క డబ్బాలోనూ ముంచుతారు.

ఇంతకుముందు పదిసార్లు కొన్న పిండైనా సరే, ప్రతిసారీ లేబుల్ చదవండి. పాత సంచీ బొమ్మ అలాగే ఉంచి లోపలి మిశ్రమం మార్చడం మామూలే.

కంపెనీని అడగాల్సింది

‘మీ పిండి గ్లూటెన్ రహితమా?’ అని అడిగితే అవునన్న జవాబే వస్తుంది, దాంతో ఏమీ తేలదు. ఇలా అడగండి: ఇదే మరలో, ఇదే ప్యాకింగ్ యంత్రంలో గోధుమ, బార్లీ, రై ఆడిస్తారా? పరీక్ష ప్రతి బ్యాచ్‌కా, ఏడాదికోసారా? గింజ దశలోనా, పిండి అయ్యాకా? ఏ పద్ధతి, ఎన్ని పీపీఎం దాకా పసిగడుతుంది? ఒక బ్యాచ్‌కు ఎన్ని చోట్ల నుంచి నమూనా తీస్తారు?

ఆఖరి ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దు. కలుషితం పిండిలో సమంగా పరుచుకుని ఉండదు. ఒక మూల అయిదు గింజలు నలిగి ఉంటే మరో మూల ఏమీ ఉండదు. ఒక్క చెంచా నమూనాతో వచ్చిన ‘సున్నా’ ఆ చెంచా గురించే చెబుతుంది. పలుచోట్ల నుంచి తీసి, కలిపి, మెత్తగా నూరి పరీక్షించేవాళ్ల మాటకు విలువ ఎక్కువ. పిండికి ఎక్కువగా వాడేది ఆర్5 ఎలైజా, అంటే యాంటీబాడీతో గ్లూటెన్‌ను పట్టే ల్యాబ్ పరీక్ష. 5 పీపీఎం దగ్గర కూడా పసిగట్టగలదు. మాల్ట్ లాంటి పులిసిన, విడగొట్టిన పదార్థాలకు అందులోనే కాంపిటీటివ్ అనే వేరే రకం కావాలి. మామూలు రకం వాటిలో తక్కువ చూపిస్తుంది.

ఇంట్లో వాడే స్ట్రిప్ కిట్లకూ ఇదే పరిమితి. స్ట్రిప్ పాజిటివ్ చూపిస్తే నమ్మి పిండి పారేయండి. నెగటివ్ చూపిస్తే మీరు తీసిన ఆ చిటికెడు బాగుందని మాత్రమే అర్థం. ధ్రువీకరణ లేని పిండిని స్ట్రిప్‌తో ‘పాస్’ చేయించి వాడటం పనికిరాదు.

ఓట్స్ సంగతి

ఓట్స్‌లో గ్లూటెన్ లేదు, దానికి దగ్గరి ప్రొటీన్ అవెనిన్ ఉంది. సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి శుద్ధమైన ఓట్స్ పడతాయి, కొద్దిమందికి అవెనినే పడదు. అందుకని లక్షణాలు తగ్గి, ఆరోగ్యం కుదుటపడ్డాక, డాక్టరుకు చెప్పి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టాలి. ఆ సమయంలో ఇంకే కొత్త పిండీ మొదలుపెట్టకండి. తేడా చేస్తే కారణం దొరకదు. గ్లూటెన్ రహిత ఓట్స్ రెండు దారుల్లో వస్తాయి: విత్తనం నుంచి మర దాకా గోధుమకు దూరంగా పెంచినవి, మామూలు ఓట్స్‌ను యంత్రాలతో ఏరి శుభ్రం చేసినవి. ఏరినవాటిలో అక్కడక్కడా గింజ మిగిలే అవకాశం ఎక్కువ కాబట్టి దొరికితే మొదటి రకమే తీసుకోండి.

ఇంట్లో పిండి చేసుకుంటే

ధ్రువీకరించిన పిండి దొరకనప్పుడు గింజ కొని ఇంట్లోనే పిండి చేసుకోవచ్చు. గింజను చూడగలం, పిండిలో ఏముందో చూడలేం. గింజ కూడా ‘గ్లూటెన్ రహితం’ ముద్ర ఉన్నదైతే మేలు. అరకప్పు చొప్పున తెల్ల పళ్లెంలో ఒకే వరసగా పరిచి, మంచి వెలుతురులో ఏరండి. గోధుమ గింజ నడుమ నిలువు గాడి ఉంటుంది, బార్లీ రెండు కొసలూ కోసుగా ఉంటాయి. ఏరినవాటిని రెండు మూడు నీళ్లు కడిగితే పైన అంటిన పొడి పోతుంది. పూర్తిగా ఆరబెట్టాలి, తడి మిగిలితే పిండి రెండు రోజుల్లో బూజు వాసన వేస్తుంది. బియ్యం, జొన్న ఇలా ఏరడం సులువు. సన్నని చిరుధాన్యాల్లో పెద్ద గింజ వెంటనే కంటపడుతుంది కానీ నలిగిన ముక్క కనబడదు.

గోధుమ ఎన్నడూ వేయని మిక్సీ లేదా గ్రైండర్ కావాలి. అందరి ధాన్యమూ ఆడించే మరకు ఈ గింజ పంపితే పడ్డ శ్రమంతా వృథా. ముందు కొంచెం బియ్యం ఆడించి ‘కడిగాం’ అన్నా రాళ్ల గాడుల్లో, గొట్టాల్లో మిగిలేది మిగిలే ఉంటుంది.

ఏ పిండి ఏం చేస్తుంది

గోధుమపిండిలో పట్టుకునే గుణం, సాగే గుణం రెండూ గ్లూటెన్‌వే. వాటిని ఏ ఒక్క పిండీ ఇవ్వలేదు, అందుకే మిశ్రమం. దాదాపు 60 శాతం ధాన్యపు పిండి, 40 శాతం స్టార్చ్ నమ్మకమైన పాళ్లు. కిలో మిశ్రమానికి:

మెత్తని బియ్యప్పిండి 350 గ్రాములు
జొన్నపిండి 250 గ్రాములు
బంగాళదుంప స్టార్చ్ 250 గ్రాములు
కర్రపెండలం స్టార్చ్ 150 గ్రాములు

బియ్యప్పిండి రుచి అడ్డురాదు, కానీ బరకగా ఉంటే కేకులో ఇసుక తగిలినట్టుంటుంది. జొన్న రుచినీ రంగునూ ఇస్తుంది. బంగాళదుంప స్టార్చ్ మెత్తదనానికి. బంగాళదుంప పిండి అన్నది వేరే సరుకు, ఉడికించి ఆరబెట్టిన దుంప పొడి. దాన్ని వేస్తే ముద్ద బంకలా తయారవుతుంది. కర్రపెండలం స్టార్చ్ సాగుడునిస్తుంది, దాని పాళ్లు పెరిగితే మాత్రం రొట్టె రబ్బరే. కొబ్బరి పిండి నీళ్లు విపరీతంగా తాగేస్తుంది కాబట్టి మరో పిండికి బదులు అంతే వేయడం కుదరదు. బాదం పొడిలో నూనె ఎక్కువ, త్వరగా మాడుతుంది. శనగపిండి, సోయాపిండి పాళ్లు పెంచితే పచ్చివాసన వేస్తుంది.

కప్పులతో కొలవవద్దు. కప్పు బియ్యప్పిండి దాదాపు 155 గ్రాములు, కప్పు కర్రపెండలం స్టార్చ్ 120. రెండూ కప్పు కప్పు మార్చి వేస్తే నీటి లెక్క మొత్తం తప్పుతుంది.

జిగురు కోసం కేకు, బిస్కెట్లలో క్సాంథన్ గమ్ వాడతారు: 150 గ్రాముల మిశ్రమానికి బిస్కెట్లకైతే పావు టీస్పూను, కేకుకు అర టీస్పూను. రొట్టెకు ఇసబ్‌గోల్ పొట్టే మేలు. కొన్న మిశ్రమంలో గమ్ ముందే కలిపి ఉంటే మళ్లీ వేయకండి, బంకగా వస్తుంది.

రొట్టెకు ఒక కొలత: మిశ్రమం 400 గ్రాములు, ఇసబ్‌గోల్ పొట్టు 20 గ్రాములు (పొడి అయితే 17), నీళ్లు 410 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7, ఉప్పు 8, పంచదార 15, నూనె 20 గ్రాములు. పొట్టును ముందు నీళ్లలో కలిపి అయిదు నిమిషాలు గడ్డకట్టనివ్వండి. తర్వాత అన్నీ కలిపి, నూనె రాసిన అచ్చులో పెట్టి, ఒకటిన్నర రెట్లు పొంగేదాకానే ఆగండి. 220 డిగ్రీల సెల్సియస్‌లో 20 నిమిషాలు, 200లో మరో 35 నుంచి 40 నిమిషాలు. నడిమధ్య 97 డిగ్రీలు రావాలి. కనీసం రెండు గంటలు చల్లారనివ్వాలి.

తేడా కొట్టేది సాధారణంగా ఈ నాలుగు చోట్ల. రొట్టె ఓవెన్‌లో పొంగి కుంగిపోతే, గోధుమ రొట్టెలా రెట్టింపు దాకా పొంగనిచ్చారన్నమాట. గాలిని పట్టి ఉంచే గ్లూటెన్ వల ఇక్కడ లేదు. లోపల జిగటగా ఉంటే వేడిగానే కోశారు, లేదా 97 డిగ్రీలు రాకముందే తీశారు. స్టార్చ్ చల్లారాకే గట్టిపడుతుంది. కేకు బరకగా ఉంటే పిండిని కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టారు, ఈసారి కలిపాక 30 నిమిషాలు నాననివ్వండి. పొడిపొడిగా రాలిపోతుంటే గమ్ చాల్లేదు, లేదా నీళ్లు తక్కువయ్యాయి.

రోజూ బియ్యప్పిండి మీదే ఆధారపడకండి. వరి నేలలోని ఆర్సెనిక్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. పైగా తెల్ల బియ్యప్పిండి, స్టార్చ్‌లలో పీచు, ఇనుము తక్కువ, అసలే ఈ జబ్బులో ఇనుము లోపం మామూలు. జొన్న, రాగి, బక్‌వీట్, కినోవా మార్చి మార్చి వాడండి, ముద్ర ఉన్నవే సుమా. జబ్బు కొత్తగా బయటపడినవారిలో కొంతకాలం పాల చక్కెర కూడా అరగకపోవచ్చు, కాబట్టి మిశ్రమంలో పాలపొడి ఉందేమో చూసుకోండి.

గిన్నె దగ్గర చెడకుండా

బేకింగ్ పౌడర్‌లో స్టార్చ్ ఉంటుంది, ఎక్కువగా మొక్కజొన్నది, అరుదుగా గోధుమది. ఈస్ట్ బేకరీదైతే ఫర్వాలేదు. బీరు తయారీలో మిగిలిన బ్రూవర్స్ ఈస్ట్‌లో బార్లీ ఉంటుంది.

అదే వంటింట్లో గోధుమపిండి కూడా వాడుతుంటే, ముందు గ్లూటెన్ రహిత వంట చేసి, మూతపెట్టి, తర్వాతే గోధుమ సంచి విప్పండి. గోధుమపిండి గాలిలో లేచి గంటల తరబడి నెమ్మదిగా కిందికి దిగుతుంది. జల్లెడ, చెక్క అప్పడాల కర్ర, చెక్క పలక, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, టోస్టర్ విడిగా ఉండి తీరాలి, ఎందుకంటే రంధ్రాల్లో, గీతల్లో ఇరుక్కున్నది కడిగినా రాదు. స్టీలు, గాజు పాత్రలు సబ్బుతో బాగా కడిగితే చాలు. గోధుమ రొట్టె కాల్చిన ట్రే మీద బేకింగ్ కాగితం పరవండి. పంచదార, ఉప్పు డబ్బాల్లో పిండి అంటిన చెంచా పడిందేమో కూడా గమనించండి.

పిండిని డబ్బాలోకి పోసినప్పుడు సంచి లేబుల్‌ను కత్తిరించి, బ్యాచ్ నంబరుతో సహా అదే డబ్బాకు అతికించండి. పాత పిండి మీద కొత్తది పోయవద్దు. కల్తీ అని కంపెనీ ఏదైనా బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే మీ డబ్బాలో ఉన్నది అదో కాదో తెలుసుకోవడానికి ఆ నంబరే ఆధారం. ముడి బియ్యప్పిండి, బాదం పొడి ఫ్రిజ్‌లో ఉంచండి, బయట త్వరగా కమురు వాసన వస్తాయి. ఏ పిండి మీదైనా అనుమానం వస్తే వాడటం ఆపి, 100 గ్రాములు మూత గట్టిగా ఉన్న సీసాలో తీసి ఉంచండి. కంపెనీ గానీ ఆహార భద్రతా అధికారులు గానీ పరీక్షకు అడిగేది ఆ పిండినే.